బామ్మర్ది ముడి

...వచ్చినంత మాత్రాన అది తన ఆలోచనే అయిపోతుందా? తలుపు తీసి ఉంటే పిల్లి లోపలికి వస్తుంది. పొయ్యి పక్కన కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. దాన్ని మన పిల్లి అంటారా ఎవరైనా? కాని పిల్లి పోయాక కూడా అది కూర్చున్న చోటు వెచ్చగానే ఉంటుంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, అని ఉపేందర్ తనకు తానే అడ్డు చెప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ చోటు మీద చెయ్యి పెట్టి చూసుకుంటూనే ఉన్నాడు. ఇంకా చల్లారలేదు.

అతను మామిడి చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చున్నాడు. కాయ కోతలు అయిపోయి నెల దాటింది. కొల్లాపూర్ చుట్టుపక్కల తోటలన్నీ బాలింతల్లా మగతగా పడి ఉన్నాయి. పొద్దున ఒక వాన వచ్చి వెళ్ళింది. మళ్ళీ కురవాలా వద్దా అని మబ్బు తోట మీదే నిలబడి తేల్చుకోలేకుండా ఉంది. ఆకుల్లోంచి దిగే వెలుతురు పచ్చగా, చెరువు అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టు కదులుతోంది. సోమశిల వైపు నుంచి కృష్ణ నీళ్ళ వాసన వస్తోంది. దాని మీద పేరుకున్నట్టుగా, తెగిన కొమ్మల జీడి వాసన.

పైన, ముప్పై అయిదు అడుగుల ఎత్తున, బావ వెంకటయ్య రంపంతో కొమ్మ కోస్తున్నాడు. పొట్టు సన్నగా రాలి ఉపేందర్ మోకాళ్ళ మీద పడుతోంది. దులుపుకోబుద్ధి కావడం లేదు. చెవి పక్కనే తాడు ఉంది. బావ నడుము బెల్టు నుంచి పైకి పోయి, లావాటి కొమ్మ పంగలోంచి దిగి, ఉపేందర్ చెట్టు మొదట్లో వేసిన ముడి దగ్గర ఆగింది. బావ బరువు అటూ ఇటూ మారినప్పుడల్లా తాడు కొంచెం బిగిసి కొంచెం సడలుతోంది. నిద్రపోతున్న జంతువు పక్కన కూర్చున్నట్టుంది అతనికి.

"ఓ బామ్మర్దీ! పండుకున్నవా ఏంది?" పైనుంచి కేక.

"లే బావా. నిన్నే కావలి గాస్తున్న."

"నన్నెందుకురా కాసుడు? నేనేడికి పోత? ముడిని గాయి."

కొంచెం దూరంలో అక్క అనిత, రాలిన కొమ్మల్ని కొడవలితో తెంపి మోపు కడుతోంది. తల ఎత్తకుండానే అంది: "ఏడికన్న పోతే బాగుండు. నాలుగొద్దులు నేనన్న కడుపు నిండ నిద్రవోత. ఆ గురకకు అడివిల ఎలుగుబంట్లు సుత పరేషాన్ అయితున్నయి."

"ఇన్నవా బామ్మర్దీ, మీ అక్క ముచ్చట?"

"ఇన్న బావా. మా అక్క అబద్ధమాడదు."

పైన నవ్వు. ఆ నవ్వు తాడు వెంట దిగి ఉపేందర్ వీపుకు సన్నగా తగిలింది. నిజంగా తగిలిందో, తగిలినట్టు అనుకున్నాడో. ఇలాంటివి ఈ మధ్య అతనికి తేడా తెలియడం లేదు.

నల్లమలలో వాళ్ళ గూడేనికి, పెంట అంటారు దాన్ని, పైన ఒక కొండ చరియ ఉంది. ఎండాకాలం మొదట్లో దాని పొట్టకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడతాయి. నడుముకు తాడు కట్టుకుని ఒకడు చరియ మీంచి కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేవాడు మాత్రం అతని పెళ్ళాం తోడబుట్టినవాడే అయి ఉండాలి. సొంత అన్నదమ్ముడు పట్టకూడదు. కొడుకు పట్టకూడదు. ఎంత ప్రాణస్నేహితుడైనా ఆ తాడు తాకకూడదు. అన్నదమ్ముల మధ్య ఏదో పంపకం ఉంటుంది, స్నేహితుల మధ్య ఏదో మాట పట్టింపు ఉంటుంది. తోడబుట్టిన ఆడదాని బొట్టు చెరిగిపోవాలని మాత్రం ఎవడూ కోరుకోడు. పెంటలో పెద్దవాళ్ళు ఇది నవ్వుతూ చెబుతారు. చిన్నప్పుడు విన్నప్పుడు ఉపేందర్ ఛాతీ ఉబ్బేది. పెద్దయ్యాక అదే మాట ఇంకోలా వినిపించడం మొదలైంది. అంటే వాళ్ళు నమ్మింది తనను కాదు. అక్కను.

అక్కను నమ్మడంలో తప్పు లేదు. అమ్మ పోయినప్పుడు అతనికి నాలుగేళ్ళు, ఆమెకు పదకొండు. అతని చేతికి అన్నం ముద్ద పెట్టింది ఆమె, మొలకు దారం కట్టింది ఆమె. ఆమెను పెళ్ళి చేసుకున్న వెంకటయ్య కూడా అతన్ని వేరుగా చూడలేదు. వేటకు తీసుకుపోయాడు, ఈత నేర్పాడు, జ్వరం వస్తే భుజాన వేసుకుని దవాఖానకు మోశాడు. అందుకే ఆ రోజు సంగతి అతనికి ఎప్పటికీ అంతుపట్టలేదు.

తొమ్మిదేళ్ళ కింద ఆ రోజు ఏమీ జరగలేదు. చెప్పుకోవడానికి కష్టం అదే. చరియ అంచున కూర్చుని రెండు చేతులా తాడు పట్టుకున్నాడు. కింద బావ పొగ పెట్టి, ఈగలకు వినిపించేలా ఏదో పాడుతున్నాడు. గాలి లేదు, ఎండ తియ్యగా ఉంది. దూరంగా లోయలో ఒక నెమలి దాటింది. అప్పుడు వచ్చింది ఆ పిల్లి. 'వదిలేస్తే?' అంది. అనలేదు కూడా. మాట రూపంలో రాలేదు. పది వేళ్ళూ ఒక్కసారి తమ బలం తాము గుర్తు చేసుకున్నట్టు, తెరుచుకోవడం ఎంత తేలికో వాటికి మొదటిసారి తెలిసినట్టు అనిపించింది. అంతే. వేళ్ళు తెరుచుకోలేదు. కాసేపటికి బావ పైకి వచ్చాడు, కనురెప్పల మీద తేనె, బుగ్గ మీద రెండు కాట్లు. పట్టులోంచి మొదటి ముక్క విరిచి, ఎప్పటిలాగే, బామ్మర్ది నోట్లోనే పెట్టాడు.

తర్వాత ఎన్నిసార్లు వెతుక్కున్నాడో. కోపమా? లేదు. అసూయా? అక్కను తీసుకుపోయాడనా? పోయింది ఎక్కడికి, నాలుగు గుడిసెల అవతలికి. ఊరి వాళ్ళ చొక్కాలు ఒక్కొక్కటే తొడుక్కుని చూసినట్టు ఒక్కో కారణం తొడుక్కుని చూశాడు. ఒక్కటీ సరిపోలేదు. కారణం దొరికి ఉంటే బాగుండేది. కారణం ఉన్న కోపాన్ని ఒక రోజు ఎక్కడో దించుకోవచ్చు. ఏ కారణమూ లేకుండా వచ్చింది కనుక మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు.

అప్పటి నుంచి తాడును చేత్తో పట్టడం మానేశాడు. చెట్టుకో బండకో కట్టేయడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాయన నేర్పిన ముడి ఒకటుంది, బరువు పడేకొద్దీ తనలోకి తాను కొరుక్కునే ముడి. అతను రోజూ అదే వెయ్యడంతో పెంటలో దానికి బామ్మర్ది ముడి అని పేరు పడింది. "ఉపేందర్ వేస్తే యముడొచ్చినా ఇప్పలేడు" అని ముసలివాళ్ళు మెచ్చుకునేవారు. అతను తల వంచుకునేవాడు. వాళ్ళు సిగ్గనుకున్నారు. ఆ ముడి అతను తన చేతులకు వేసుకున్నదని ఎవరికి తెలుసు?

కిందటేడు మామిడి తోటల్లో ముదురు చెట్లు ఎక్కి కొమ్మలు కొట్టే పని నేర్పుతామని ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. నేర్పినావిడ పేరు శ్రుతి. గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్ల. మగ్గం దగ్గర పెరిగింది కనుక తాడును కూడా నూలు పట్టుకున్నంత సుతారంగా పట్టుకునేది. అయిదు రోజుల్లో ఆమె అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒక్కటే. పైనున్నవాడికి దెబ్బ తగిలితే వాడు తనంతట తాను దిగలేడు. కింద ఉన్నవాడు దించగలగాలి. అందుకని తాడు కింది కొసను చెట్టుకు ముడెయ్యకూడదు. ఎనిమిది అంకెలా ఉండే ఇనుప రింగులోంచి పోనిచ్చి, ఒక్క గుంజుకు ఊడే మెలిక పెట్టి, మనిషి నేలకు దిగేంత తాడు మిగిలి ఉండేలా చూసుకోవాలి. ఇసక మూట పైకి కట్టి చూపించింది కూడా. మెలిక తీసింది. తాడు ఆమె చేతుల్లోంచి పాలధారలా జారింది. మూట చప్పుడు లేకుండా నేల మీద కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఉపేందర్‌కు ఒళ్ళంతా చెమట పట్టింది. అంత తేలిగ్గా తెరుచుకునేది ఒకటి తన చేతికి ఇవ్వడమేమిటి!

ఆ రింగు ఇప్పుడు సంచి అడుగున ఉంది. ఒక్కసారీ బయటికి తియ్యలేదు. బావ కూడా తప్పు పట్టలేదు. పైగా నవ్వాడు: "మేడం ముడికి అక్క లేదు గదా బామ్మర్దీ. నీ ముడికుంది. నాకదే మంచిది."

ఆ మాట గుర్తొచ్చి ఉపేందర్ కళ్ళు మూసుకున్నాడు. రంపం చప్పుడు ఊయల చప్పుడులా ఉంది. ఆ చప్పుడులో ఒక చిన్న తేడా వచ్చింది. తర్వాత ఏదో చీలింది.

కోత పూర్తి కాకుండానే కొమ్మ నిలువునా చీలి, తోలు పట్టుకుని వేలాడుతూ వెనక్కి ఊగింది. గుద్దిన చప్పుడు. రంపం గుండ్రంగా తిరుగుతూ దిగి అనితకు రెండు బారల దూరంలో మట్టిలో గుచ్చుకుంది. ఆకులు ఇంకా చాలాసేపు, ఎవరికీ తొందర లేనట్టు, రాలుతూనే ఉన్నాయి. ఉపేందర్ పైకి చూశాడు. బావ కొమ్మకు దూరంగా, గాలిలో, బెల్టులో కూర్చున్నట్టుగా వేలాడుతున్నాడు. మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. ఎడమ చేతికి మోచేతి కింద ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగి ఉంది.

"ఏమయ్యా!" అని అనిత ఒక్క అరుపు అరిచింది.

"ఉన్న... ఉన్న. చెయ్యి ఇరిగింది." కాసేపు ఊపిరి. "బామ్మర్దీ, దించు."

ఉపేందర్ అప్పటికే ముడి మీద పడ్డాడు. పొద్దుటి వానకు తాడు తడిసింది. దాని మీద మనిషి బరువంతా ఒక్క ఊపున పడింది. ముడి రాయి అయిపోయింది. గోళ్ళు దించాడు, గోళ్ళు వంగాయి. పళ్ళు పెట్టాడు. కొరుక్కోవడమే దాని గుణం. తొమ్మిదేళ్ళు అతను దాని దగ్గర కోరుకున్నది అదే. అది మాట తప్పలేదు.

చప్పుడు విని, తోట గుత్తకు పట్టిన రైతు కురుమూర్తి లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, అయ్యో, ఏమాయెరా! నిచ్చెన తేవాల్నా?"

"నిచ్చెన సగానిక్కూడ రాదన్నా," అంది అనిత.

"మరి ట్రాక్టర్ తెస్త. తాడు దానికి గట్టి గుంజుదం. జర సడలుతది ముడి."

"గుంజితే మనిషి పోయి పంగల ఇరుక్కుంటడు. నీ ట్రాక్టర్ నీ కాడ్నే ఉండనీ. నూటెనిమిదికి ఫోన్ కొట్టు, పో."

కురుమూర్తి ఫోన్ తీసి రోడ్డు వైపు నడుస్తూనే గొణిగాడు: "మీ ముడి సల్లగుండ! ఇప్పరాని ముడి ఎవడన్న ఏస్తడా?"

ఉపేందర్ విన్నాడు. ఆ మాటలు ఎవరి గురించో, ఎక్కడో జరుగుతున్న కథలోవి అన్నట్టుగా చెవిలో పడి వెళ్ళిపోయాయి. చీమలు మాత్రం చాలా స్పష్టంగా కనబడుతున్నాయి. ముడి మీద నుంచి ఒక వరసగా దాటుతున్నాయి. ఒక చీమ రంపపు పొట్టు మోసుకుపోతోంది.

అనిత శ్రుతికి ఫోన్ కలిపి, గొంతు పెద్దగా వినిపించేలా పెట్టి, నేల మీద పెట్టింది. అవతల బస్సు హారన్లు, వనపర్తి బస్టాండులో ఉన్నట్టుంది.

"ఎంత ఎత్తుల ఉన్నడు? మాట్లాడుతుండా?" శ్రుతి గొంతు.

"మాట్లాడుతుండు మేడం. ముఖం తెల్లగైంది."

"కాళ్ళు ఆడియ్యమను, ఆపొద్దను. బెల్టుల కదలకుండ యాలాడితే రక్తం కాళ్ళల్లనే నిలుస్తది, తెలివి తప్పుతడు. ఎక్కువసేపు లేదు మనకు. ఉపేందరన్నా, రింగు మెలిక తీసి మెల్లగ దించు. నేర్పిన గదా."

ఉపేందర్ సంచి వైపు చూశాడు.

"అన్నా, ఇంటున్నవా?"

"రింగు పెట్టలే మేడం," అన్నాడు ఉపేందర్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మా ముడి ఏసిన. బిగుసుకపోయింది."

అవతల ఒక బస్సు వెనక్కి తీస్తున్న చప్పుడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"సరే, ఇను. మా ఇంట్ల మగ్గం మీద కొత్త పోగు అతికినంకనే పాత పోగు తెంపుతరు. ఇది గూడ గంతే. రెండో తాడు ఉందా? సన్న తాడుతోని చేసిన చుట్టు ఉందా, మూరెడు?" సంచిలోంచి రెండూ తీసి, ఉన్నాయంది అనిత. "మంచిది. ముడికి పైన, బిగుసుకున్న తాడు మీద ఆ చుట్టును మూడు మెలికలు తిప్పు. గుంజి చూడు, పట్టుకుంటదా? ఇప్పుడు రెండో తాడు దానికి కట్టు. ఆ తాడును ముడికి కింద చెట్టు మొదటికి మూడు చుట్లు చుట్టు. గట్టిగ గుంజి, కొస నీ చేతుల పట్టు. అయిందా?"

చేతులు చేస్తున్నాయి. అతను చూస్తున్నాడు. మెలికలు పడ్డాయి, పట్టాయి. చుట్లు పడ్డాయి. బెరడు మీద తాడు కరకరలాడింది.

"అయింది."

"ఇప్పుడు మెలికలకు కింద, ముడికి పైన, పాత తాడు కొయ్యాలె. బరువు కొత్త తాడు మీదికొస్తది. మూడు చుట్లున్నయి గనక మోసేది చెట్టు, నీ చేతులు గావు. తర్వాత నువ్వు తాడు వదులుకుంట పోతే మనిషి దిగుతడు. కోసేది ఎవరన్న గానీ, తాడు పట్టినోడు మాత్రం చెయ్యి తియ్యొద్దు. నేను లైన్ల ఉన్న."

పైన బావ కాళ్ళు రెండుసార్లు ఆడించి ఆగాడు.

ఉపేందర్ కొస పట్టుకుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత తాడు నేరుగా అరచేతుల్లో ఉంది. అంత మెత్తగా ఉంటుందని మరిచిపోయాడు. అరచేతికీ తాడుకూ మధ్య ఏ ముడీ లేదు. చెట్టంతా తన మణికట్టు దగ్గరే కొట్టుకుంటున్నట్టుంది. ఆకుపచ్చ వెలుతురు ఇంకొంచెం చిక్కబడింది. ఆ చరియ, ఆ ఎండ, లోయ దాటిన నెమలి, అన్నీ ఈ తోటలోకే వచ్చి చెట్ల వెనక నిలబడ్డాయి.

"అక్కా," అన్నాడు. "నువ్వు పట్టు. నేను కోస్త."

అనిత కొడవలి పట్టుకుని వచ్చింది. "ఏందిరా? బామ్మర్ది ఉండంగ పెండ్లం పడ్తదా తాడు?"

"నా చేతులు మంచియి గావు అక్కా."

"ఏమైంది నీ చేతులకు?"

"ఒకసారి..." ఇన్నేళ్ళూ ఈ మాట ఎలా చెప్పాలో ఎంత అల్లుకున్నాడో. ఇప్పుడు అది బొటాబొటి నాలుగు ముక్కల్లో వచ్చేసింది. "తేనెకు పోయినప్పుడు. బావ కింద ఉన్నడు. తాడు నా చేతుల ఉంది. వదిలేద్దమనిపించింది. ఎందుకో తెల్వదు అక్కా. ఊకెనే అనిపించింది."

అనిత అతని ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో అతనికి తెలియదు. పైనుంచి ఒక ఆకు రాలి ఆమె కొప్పు మీద వాలింది. ఆమె నవ్వలేదు. తిట్టనూ లేదు. ఎండిన చేపలు అమ్మేవాడితో బేరం మాట్లాడినంత మామూలుగా అడిగింది:

"వదిలినవా?"

"లే."

"మరి?" కొడవలి అంచును బొటనవేలితో చూసుకుంది. "నాకు పదిమాట్ల అనిపించింది, పండుకున్నోని నెత్తిన కుండ ఏసి కొడ్దమని. కొట్టిన్నా? ముగ్గురు పిల్లల్ని కన్న. పట్టు గట్టిగ."

అతను ఇంకేదో చెప్పబోయాడు. తనది అలాంటిది కాదని, దానికీ దీనికీ చాలా తేడా ఉందని, ఆ తేడాలోనే తను ఇన్నాళ్ళు కాపురమున్నానని. ఆమె అప్పటికే ముడికి పైన కొడవలి పెట్టింది. ముందు ఒక పోగు లేచింది, తర్వాత పది పోగులు ఒక్కసారి విచ్చుకున్నాయి, తెల్లటి పత్తిలా. తాడు తెగిన చప్పుడు పెద్దగా ఏమీ లేదు. ఎవరో పక్క గదిలో గొంతు సవరించుకున్నట్టుంది.

పైన బావ ఒక్క మూర కిందికి జారి ఆగాడు. "అమ్మా!" అన్నాడు. మూడు చుట్లూ బెరడును కరుచుకున్నాయి. ఉపేందర్ చేతులకు వచ్చింది చాలా కొంచెం బరువు. నీళ్ళ బిందె అంత కూడా లేదు. నిలబడిపోయింది. నిలబెట్టిందెవరో, చెట్టో చేతులో, చెప్పడం కష్టం.

"తెగిందా? ఆగిందా?" నేల మీంచి శ్రుతి గొంతు.

"ఆగింది మేడం," అంది అనిత.

"మంచిగైంది. ఇగ దించుర్రి. అన్నా, మెల్లగ వదులు."

ఉపేందర్ వదలలేదు.

వదలకూడదని కాదు. వేళ్ళకు చెప్పాడు. అవి వినలేదు. తొమ్మిదేళ్ళు ఏ వేళ్ళు తమంతట తామే తెరుచుకుంటాయేమోనని భయపడ్డాడో, ఆ వేళ్ళు ఇప్పుడు అతను తెరవమన్నా తెరుచుకోవడం లేదు. పిడికిళ్ళు తనవి కానట్టు, ఎవరో చెక్కి పెట్టినట్టు కనబడుతున్నాయి. వాటిని చూస్తూ ఉంటే అతనికి, అంత ఆపదలోనూ, ఒక వింత హాయి కలిగింది. ఒక ఇంటి ముందు నుంచి రోజూ భయపడుతూ దాటి, ఇవాళ తలుపు నెట్టి చూస్తే లోపల ఎవరూ లేరు. ఉత్త గది. కిటికీలోంచి వెలుతురు. అందులోనే ఉండిపోవాలనిపించింది. ఇలాగే పట్టుకుని, ఇలాగే నిలబడి. పట్టుకున్నంతసేపూ తను తప్పు చేసినవాడు కాడు కదా.

"తమ్మీ," అంది అనిత.

పైన తాడు మెల్లగా తిరుగుతోంది. దానితో పాటు బావ. కాళ్ళు ఆడటం లేదు. రెండు పాదాలు, మట్టి అంటిన మడమలు, వేళ్ళు కిందికి వంగి, బాగా అలసిపోయిన మనిషి నిద్రలో పెట్టే పాదాల్లా ఉన్నాయి. ఉపేందర్ ఆ పాదాలనే చూశాడు. ఎడమ కాలి బొటనవేలి గోరు సగం లేదు. ఎప్పుడు పోయిందో తనకు తెలియదని గమనించాడు. ఈ మనిషి గురించి తను తొమ్మిదేళ్ళుగా ఎంతగానో ఆలోచించాడు. చూసింది తక్కువ.

"ఓయ్! కాళ్ళు ఆడియ్యి!" అనిత పైకి అరిచింది. "ఇన్నవా? నిద్రవోకు! గురక పెడితే ఊకోను!"

పాదాలు కదలలేదు. తర్వాత ఎక్కడో చాలా దూరం నుంచి వచ్చినట్టు, "ఊఁ," అని ఒక మూలుగు. అది మాట కాదు. అది మాటలు అయిపోయాక మిగిలేది.

రోడ్డు వైపు నుంచి కురుమూర్తి అరుస్తున్నాడు. "బండి ఊర్లకొచ్చింది! తోట తొవ్వ చూపిచ్చెతందుకు పోతున్న! దించిన్రా లేదా?"

"తమ్మీ, దించు," అంది అనిత మళ్ళీ. ఆమె అతని చేతుల మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తే ఆ వేళ్ళను ఆమే విప్పగలదు, చిన్నప్పుడు అతని పిడికిట్లోంచి మట్టి బెడ్డలు తీసినట్టు. వెయ్యలేదు. కొడవలి నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి పోయి, మొగుడు దిగబోయే చోట, రెండు చేతులూ పైకి చాచి నిలబడింది. ఆ చేతులు తాడు వైపు చూడటం లేదు. తమ్ముడి వైపు కూడా చూడటం లేదు. దిగుతాడని తెలిసినవాళ్ళు నిలబడినట్టు నిలబడింది.

మబ్బు చివరికి తేల్చుకున్నట్టుంది. ఒక చినుకు తాడు మీద పడి, దాని వెంటే జారి, ఉపేందర్ బొటనవేలి సందులో ఆగింది. చల్లగా ఉంది. ఆ చల్లదనం వల్ల అక్కడొక వేలు ఉందని, అది తనదేనని అతనికి తెలిసింది. దాన్ని ఒక్కదాన్ని అడిగాడు. తర్వాత దాని పక్కదాన్ని.

ఊపిరి పీల్చుకుని, కళ్ళు బావ పాదాల మీంచి తీయకుండా, జానెడు తాడు వదిలాడు.